ఒక్క రాత్రి కోసం అచ్చయిన కాగితం: పాత నాటక ప్రోగ్రాంల సేకరణ, సంరక్షణ

(సభకు రాలేకపోయినవారి కోసం ధ్వనిముద్రణ నుంచి అక్షరబద్ధం చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. నాటకశాలలో అడుగుపెట్టగానే మన చేతికి వచ్చే ప్రోగ్రాం అనే చిన్న కాగితాన్ని గురించి, అది పాతబడిన తరువాత దానిని ఎందుకు దాచాలి, ఎలా దాచాలి అనే విషయాన్ని గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఆ కాగితాన్ని తయారుచేసినవారిలో ఎవరూ అది మర్నాటి వరకు ఉండాలని కోరుకోలేదు. పుస్తకం అచ్చువేసేవారు అది కొంతకాలమైనా నిలవాలని మంచి కాగితం చూస్తారు, మంచి కుట్టు చూస్తారు. ప్రోగ్రాం అచ్చువేసేవారికి తెర దించేదాకా నిలిస్తే చాలు. అలాంటి కాగితాన్ని పట్టుకుని వందేళ్లు, రెండు వందల ఏళ్లు నిలపాలని మనం కూర్చున్నాం. ఈ పనిలోని కష్టమంతా అక్కడే ఉంది, సరదా అంతా కూడా అక్కడే ఉంది.

నా అభిప్రాయాన్ని మొదటే చెప్పేస్తాను, తరువాత మీరు నాతో విభేదించవచ్చు. ప్రోగ్రాంకు ఉన్న విలువ దాని అట్టమీది బొమ్మలో లేదు, దానిమీద ఉన్న సంతకంలో లేదు. అది ఒక ఫలానా రాత్రికి, ఒక ఫలానా రంగస్థలానికి ముడిపడి ఉండటంలోనే దాని విలువంతా ఉంది. ఆ ముడిని తెంపే పని ఏదైనా సరే, చూడటానికి ఎంత అందంగా ఉన్నా సరే, దానిని నేను సంరక్షణ అనను. ఈ మాటను ఈ సాయంత్రం నేను పదే పదే చెబుతాను, విసుక్కోకండి.

ముందుగా ఈ కాగితం పుట్టుకను గురించి కొంచెం, చాలా కొంచెం చెబుతాను. షేక్‌స్పియర్ కాలంలో లండన్‌లో నాటక ప్రకటనలను అచ్చువేసి స్తంభాలకు అంటించేవారని మనకు తెలుసు. వాటిలో ఎన్ని మిగిలాయి? ఒక్కటి కూడా మిగలలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. 18వ శతాబ్దం నాటికి సన్నగా, పొడుగ్గా, ఒకవైపే అచ్చయిన కరపత్రం వాడుకలో ఉండేది. గోడకు అంటించేదీ అదే, నాటకశాల లోపల నారింజపళ్లు అమ్మే స్త్రీలు పళ్లతోపాటు అమ్మేదీ అదే. సిరా ఆరకుండానే చేతికి వచ్చేది గనుక చేతి తొడుగులన్నీ నల్లబడుతున్నాయని చూడవచ్చినవారు సణుక్కునేవారు. 19వ శతాబ్దం మధ్యకాలం నుంచి గోడమీది పోస్టరు వేరు, మడతపెట్టి చేతికిచ్చే ప్రోగ్రాం వేరు అయ్యాయి. యూజీన్ రిమెల్ అనే పరిమళ ద్రవ్యాల వ్యాపారి లండన్ నాటకశాలలకు సువాసన అద్దిన ప్రోగ్రాంలను సరఫరా చేసి, వాటిమీద తన సరుకుల ప్రకటనలు వేసుకున్నాడు. 1881లో సవాయ్ థియేటర్‌ను తెరిచిన రిచర్డ్ డాయిలీ కార్ట్ ప్రోగ్రాంలకు డబ్బు తీసుకోబోమని ప్రకటించాడు. 1884లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ స్ట్రాస్ ప్రకటనల రాబడితో నడిచే ప్రోగ్రాంల వ్యాపారాన్ని మొదలుపెట్టాడు. అదే కాలక్రమంలో 'ప్లేబిల్' అనే ప్రోగ్రాం పత్రిక అయింది. ఈనాటికీ న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల ప్రాంతమైన బ్రాడ్వేలో ప్రోగ్రాం ఉచితంగానే వస్తుంది, లండన్‌లో మాత్రం సాధారణంగా కొనుక్కోవాలి.

ఇక ఒకే ఒక్క కాగితం కథ చెబుతాను. 1788లో ఖైదీలను మోసుకుని ఆస్ట్రేలియాకు చేరిన మొదటి నౌకలలో ఒక అచ్చుయంత్రం కూడా వెళ్లింది. నడపడం తెలిసినవాడు లేక అది కొన్నేళ్లు ఊరికే పడి ఉంది. తరువాత జార్జ్ హ్యూస్ అనే ఆయన దానిమీద పనిచేశాడు. 1796 జూలై 30, శనివారం నాడు సిడ్నీ నాటకశాలలో 'జేన్ షోర్' ఆడబోతున్నారని తెలిపే కరపత్రం ఆ యంత్రం మీదనే అచ్చయింది. ఆస్ట్రేలియాలో అచ్చయినవాటిలో నేటికి మిగిలిన కాగితాలన్నిటికంటే పాతది అదే. ఒక దేశంలో మిగిలి ఉన్న మొట్టమొదటి అచ్చు కాగితం చట్టం కాదు, మతగ్రంథం కాదు, నాటకం కరపత్రం! అది ఎక్కడ దొరికిందంటారా? కెనడాలో దొరికింది. అక్కడి జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఒక అతికింపుల పుస్తకంలో, వేరే కాగితాల మధ్య ఉండగా, 2007లో ఒక గ్రంథపాలకురాలి కంటపడింది. కెనడా ప్రభుత్వం అదే ఏడాది దానిని ఆస్ట్రేలియాకు బహూకరించింది. 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి కార్యక్రమం కింద ఆస్ట్రేలియా జాబితాలో దానికి చోటు దొరికింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఇందులో మన పనికి సంబంధించిన రెండు సంగతులున్నాయి. ప్రోగ్రాంలను జిగురుతో పుస్తకాలలో అతికించినవారిని మనం తిట్టుకుంటూ ఉంటాం, తిట్టుకోవలసిందే కూడా. కానీ ఆ అతికింపుల పుస్తకమే లేకపోతే ఆ కరపత్రం మనదాకా వచ్చేదా? అది మొదటి సంగతి. ఇక రెండవది: అది గ్రంథాలయంలోనే భద్రంగా ఉంది, కానీ దానిని చూసి, ఇది ఫలానాదని గుర్తించినవారు లేరు. ఉండటం వేరు, ఉన్నదని తెలియడం వేరు. ఈ రెండవ సంగతి దగ్గరకు మళ్లీ వస్తాను.

కాగితం చెప్పేది, చెప్పనిది

ప్రోగ్రాం అనేది ఆ రాత్రి జరిగినదానికి సాక్ష్యమని చాలామంది అనుకుంటారు. కాస్త ఆలోచించండి. అది ఎప్పుడు అచ్చయింది? ప్రదర్శనకు ముందు. అంటే అది చెప్పేది జరిగినదాన్ని కాదు, జరగబోతుందని నిర్వాహకులు అనుకున్నదాన్ని. నటుడికి జ్వరం వచ్చి ఉండవచ్చు, ఒక అంకం తీసేసి ఉండవచ్చు, అసలు ఆ రాత్రి ప్రదర్శనే రద్దయి ఉండవచ్చు. అచ్చు కాగితానికి ఇవేవీ తెలియవు. అందుకే ప్రోగ్రాం మధ్యలో పెట్టి ఇచ్చే చిన్న చీటీ, "ఈ ప్రదర్శనలో ఫలానా పాత్రను ఫలానావారు ధరిస్తారు" అని తెలిపే ఆ వేలెడు చీటీ, నా దృష్టిలో చాలాసార్లు ప్రోగ్రాం కంటే విలువైనది. 1954లో న్యూయార్క్‌లో 'ది పజామా గేమ్' ఆడుతున్నప్పుడు కారల్ హేనీ కాలికి దెబ్బ తగలడంతో ఆమె బదులు షర్లీ మెక్‌లేన్ రంగం మీదికి వచ్చింది, అక్కడి నుంచే ఆమె సినిమాలకు వెళ్లింది. ఆ నాటకం ప్రోగ్రాం ఎవరి దగ్గరైనా ఉంటే అచ్చులో కనిపించే పేరు కారల్ హేనీదే. కొన్నవాడు లోపలి చీటీ ఏదో చెత్త అనుకుని పారేస్తే ఆ రాత్రి ఎవరు ఆడారన్నది ఆ కాగితంలో నుంచి శాశ్వతంగా పోతుంది.

ఇంకొక చమత్కారం చెబుతాను. పాత్రధారుల పట్టికలో ఉన్న ప్రతి పేరూ మనిషిదే అనుకోకండి. ఒకే నటుడు రెండు పాత్రలు వేస్తున్నప్పుడు ప్రేక్షకులకు ఆ సంగతి ముందే తెలియకూడదని రెండవ పాత్రకు దొంగపేరు వేసే ఆనవాయితీ ఉంది. లండన్‌లో ఆ దొంగపేరు వాల్టర్ ప్లింజ్, అమెరికాలో జార్జ్ స్పెల్విన్. పేర్ల పట్టిక తయారుచేసేవారు ఈ ఇద్దరికీ విడివిడిగా జీవిత చరిత్రలు వెతుకుతూ కూర్చుంటే నవ్వులపాలవుతారు. జార్జ్ స్పెల్విన్‌గారికి తరాల తరబడి చావు లేదు, ముసలితనం లేదు!

కాబట్టి ప్రోగ్రాం మీద పెన్సిలుతో ఎవరైనా రాసిన మాటలు ఉంటే దయచేసి చెరపకండి. "రెండవ అంకం చాలా నెమ్మదిగా సాగింది" అనో, "ఫలానా పాటను మళ్లీ పాడించారు" అనో ఒక అనామక ప్రేక్షకుడు మూలన రాసుకున్న వాక్యం ఉందనుకోండి, అచ్చు కాగితానికి చేతకాని సాక్ష్యాన్ని అది చెబుతోంది. చినిగిన టికెట్టు ముక్క లోపల ఉంటే దానిని కూడా ఆ ప్రోగ్రాంతోనే ఉంచండి. బజారులో మచ్చలేని ప్రతికి ఎక్కువ ధర పలుకుతుందన్న మాట నిజమే. ధర పలకడం వేరు, విలువ ఉండటం వేరు. మడతలు పడి, రాతలున్న ప్రతి ఆ రాత్రి నిజంగా ఒకరి చేతిలో ఉన్నదని మనకు తెలుసు. మచ్చలేని ప్రతి బహుశా అమ్ముడుపోని కట్టలో మిగిలినది కావచ్చు.

తేదీ పట్టుకోవడం

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తున్నాను, ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను. పాత ప్రోగ్రాంలు చాలావాటిమీద వారం ఉంటుంది, నెల ఉంటుంది, తేదీ ఉంటుంది, సంవత్సరం మాత్రం ఉండదు. ఎందుకుంటుంది? రేపటి నాటకానికి పిలుస్తూ ఇది ఏ సంవత్సరమో ఎవరైనా చెబుతారా? కానీ వారం, తేదీ కలిసి ఉండటమే మనకు తాళంచెవి. ఒక ఇంగ్లీషు ప్రోగ్రాం మీద "మే 14, సోమవారం" అని ఉందనుకుందాం. 1850 నుంచి 1900 వరకు మే 14 సోమవారం నాడు వచ్చిన సంవత్సరాలు ఏవి? 1855, 1860, 1866, 1877, 1883, 1888, 1894, 1900. అంతే. యాభై ఏళ్ల చీకటి ఎనిమిది సంవత్సరాలకు తగ్గిపోయింది. ఇక ప్రోగ్రాంలో "ఈ నాటకశాల విద్యుద్దీపాలతో వెలుగుతుంది" అన్న గొప్ప ఉందనుకోండి, లండన్‌లో సవాయ్ థియేటర్ 1881లో ఆ పని మొదలుపెట్టింది గనుక మొదటి నాలుగు సంవత్సరాలూ కొట్టివేయవచ్చు. మిగిలినవి నాలుగే. అప్పుడు ప్రకటనలు చూడండి, నిర్వాహకుడి పేరు చూడండి, అచ్చు కార్యాలయం చిరునామా చూడండి. ఆ తరువాత ఆ కాలపు వార్తాపత్రికలు తెరవండి. వార్తాపత్రికలు మొదటే తెరిస్తే సముద్రంలో పడతారు, నాలుగు తేదీలతో తెరిస్తే సాయంత్రానికి ఒడ్డుకు వస్తారు.

ఒక హెచ్చరిక ఉంది. ఈ లెక్క వేసేటప్పుడు ఆ దేశంలో అప్పుడు ఏ కాలగణన నడుస్తోందో చూసుకోవాలి. ఇంగ్లండు 1752లో పాత పంచాంగాన్ని వదిలిపెట్టింది. రష్యా 1918 దాకా వదల్లేదు. మాస్కో ఆర్ట్ థియేటర్ వారు చెహోవ్ నాటకం 'సీగల్'ను ఆడిన తొలి రాత్రి రష్యా లెక్కలో 1898 డిసెంబర్ 17, గురువారం. పశ్చిమ యూరప్ లెక్కలో అదే రోజు డిసెంబర్ 29. మన కాలెండరు తీసి 1898 డిసెంబర్ 17 ఏ వారమని చూస్తే శనివారం అని వస్తుంది. వారం కుదరడం లేదని అసలైన కాగితాన్ని నకిలీ అనే ప్రమాదం ఉంది.

తేదీ పట్టించే ఆనవాళ్లు కొన్ని దుఃఖంలోంచి పుట్టాయి. 1903 డిసెంబర్ 30న షికాగోలోని ఇరాక్వాయ్ థియేటర్‌లో మధ్యాహ్నపు ఆట జరుగుతుండగా నిప్పంటుకుని 600 మందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది పిల్లలు. ఆ తరువాత అమెరికాలో నాటకశాలల భద్రత నిబంధనలు కఠినమయ్యాయి. న్యూయార్క్ ప్రోగ్రాంలలో దగ్గరలోని ద్వారాన్ని ఇప్పుడే చూసిపెట్టుకోండని హెచ్చరిస్తూ అగ్నిమాపక శాఖ అధిపతి పేరుతో ప్రకటన కనిపిస్తుంది. ఆ అధిపతి ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పదవిలో ఉన్నాడో తెలిస్తే ప్రోగ్రాం కాలం తెలిసినట్లే. రెండవ ప్రపంచయుద్ధ కాలపు లండన్ ప్రోగ్రాంలు కాగితం కొరత వల్ల చిక్కిపోయి, వైమానిక దాడి జరిగితే ప్రేక్షకులు ఏం చేయాలో చెబుతూ ఉంటాయి. నాటకం పేజీ ఒక్కటి చించి దాచుకుని ప్రకటనలు, ప్రభుత్వ హెచ్చరికలు ఉన్న పేజీలను పారేసినవారు, సరిగ్గా కాలం తెలిపే భాగాన్నే పారేశారన్నమాట.

నకిలీల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1865 ఏప్రిల్ 14, శుక్రవారం రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో అబ్రహం లింకన్ 'అవర్ అమెరికన్ కజిన్' చూస్తుండగా ఆయనను కాల్చారు. ఆనాటి కరపత్రం కోసం సేకర్తలు ఎంత తహతహలాడతారో ఊహించుకోవచ్చు. అధ్యక్షుడు వస్తున్నారని తెలిసిన తరువాత దేశభక్తి గీతం ఒకటి పాడతారన్న మాటను చేర్చి మళ్లీ అచ్చువేశారు గనుక అసలైనవాటిలోనే రెండు రకాలున్నాయి. దానికి తోడు, జ్ఞాపికలుగా అమ్ముకోవడానికి తరువాత ఎందరో వాటిని మళ్లీ మళ్లీ అచ్చువేశారు. ఆ జ్ఞాపికలు కూడా ఇప్పుడు పాతబడి పసుపు రంగుకు తిరిగాయి. పాతగా కనబడినంత మాత్రాన ఆ రాత్రిది కాదు. భూతద్దం పెట్టి చూడండి. సీసపు అచ్చుల మీద ఒత్తిన అక్షరం కాగితంలోకి కొద్దిగా దిగుతుంది, వెనుకవైపు వేలితో తడిమితే ఒక్కోసారి తగులుతుంది. ఫొటో తీసి వేసిన నకలులో అక్షరాల చుట్టూ సన్నని చుక్కలు కనబడవచ్చు. ఇది మొదటి పరీక్ష మాత్రమే. చేయి తిరిగినవాడు సీసపు అచ్చులతోనే నకిలీ తీస్తే ఈ పరీక్ష నిలవదు, అప్పుడు అసలైన ప్రతి పక్కన పెట్టి ప్రతి అక్షరాన్నీ పోల్చవలసిందే.

కాగితం ఎందుకు చనిపోతుంది?

1796 నాటి కరపత్రం బాగానే ఉంది. 1900 నాటి ప్రోగ్రాం చేతిలోకి తీసుకుంటే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఇదేమిటి? నూరేళ్లు పెద్దది గట్టిగా ఉండి, చిన్నది ముందు పోవడమేమిటి? కారణం కాగితంలోనే ఉంది. పాత కాగితాన్ని నారబట్ట, నూలుబట్ట పీలికలతో చేసేవారు. వాటిలో పొడవైన గట్టి పీచు ఉంటుంది. 1840లలో కొయ్యను నూరి కాగితం చేసే పద్ధతి కనిపెట్టారు, 19వ శతాబ్దం చివరికి చౌక కాగితమంతా దాదాపు కొయ్య కాగితమే అయింది. నూరిన కొయ్యలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు, గాలి తగిలినకొద్దీ అది పసుపుపచ్చగా మారుతుంది. సిరా పాకకుండా ఉండటానికి కాగితంలో పటిక, గుగ్గిలపు రసాయనం కలిపేవారు. ఆ పటిక గాలిలోని తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం కాగితం పీచును ముక్కలు ముక్కలుగా కోస్తుంది. అంటే చెద తినకపోయినా, నీళ్లు తగలకపోయినా, పెట్టెలో ముట్టుకోకుండా ఉంచినా ఆ కాగితం తనను తాను తింటూ ఉంటుంది. మనం చేయగలిగినది ఆ వేగాన్ని తగ్గించడమే.

పట్టు ప్రోగ్రాంలు ఇంకా సున్నితమైనవి. రాజకుటుంబాలు వచ్చిన రాత్రులకు, ప్రత్యేక వేడుకలకు పట్టుగుడ్డ మీద ప్రోగ్రాంలు అచ్చువేసేవారు. 19వ శతాబ్దం చివరిలో పట్టుకు బరువు, నిగనిగ తేవడానికి తగరం వంటి లోహ లవణాలలో ముంచేవారు. ఆ లవణాల వల్ల పట్టు పెళుసై, మడత ఉన్నచోట గాజులాగా పగులుతుంది. పట్టు ప్రోగ్రాంను మడిచి ఉంచకూడదు, వేలాడదీయకూడదు. చదునుగా పడుకోబెట్టి ఉంచాలి.

నిగనిగలాడే కాగితం మీద అచ్చయిన 20వ శతాబ్దపు ప్రోగ్రాంలకు మరొక ఆపద ఉంది. ఆ నిగారింపు మట్టిపూత వల్ల వచ్చింది. తడిసి ఆరితే పేజీలన్నీ ఒకే పలకలాగా అంటుకుపోతాయి, తరువాత ఎవరూ విడదీయలేరు. కాబట్టి అవి తడిస్తే ఆరేదాకా ఆగకూడదు, తడిగా ఉండగానే పేజీల మధ్య ఏదైనా అంటుకోని పొర పెట్టాలి. అంత సమయం లేకపోతే సంచిలో పెట్టి ఫ్రీజరులో ఉంచాలి. గడ్డకట్టిన కాగితం పాడుకాదు, తీరికగా నిపుణులకు చూపవచ్చు. మామూలు కాగితమైనా సరే, తడిసిన రెండు రోజుల్లో బూజు మొదలవుతుందని గుర్తుంచుకోండి.

ఇక దాచే పద్ధతి. ఆమ్లం లేని కాగితపు కవరు, ఆమ్లం లేని అట్టపెట్టె, ఈ రెండూ ఉంటే చాలావరకు పని అయిపోయినట్లే. లోపల కనబడాలనుకుంటే పాలియెస్టర్ కవరు వాడండి, పాలీప్రొపిలీన్ అయినా పరవాలేదు. పీవీసీ అనే ప్లాస్టిక్ మాత్రం వద్దు. పీవీసీ పాతబడినప్పుడు ఆమ్లపు ఆవిరి వదులుతుంది, మెత్తదనం కోసం అందులో కలిపిన నూనెలు అచ్చు సిరాను పీల్చుకుంటాయి. కొత్త ప్లాస్టిక్ వాసన ఘాటుగా కొట్టే కవరును నేను ముట్టుకోను. జిగురు గీతల మీద ఫొటోలు అంటించే ఆల్బములు ఇంకా ప్రమాదకరం. కవరుకు నాలుగు అంచులూ మూసివేయకండి. ఆమ్లం ఉన్న కాగితాన్ని గాలి చొరబడకుండా మూస్తే ఆ ఆమ్లం బయటికి పోలేక లోపలే తిరుగుతూ మరింత వేగంగా పని చేస్తుంది. రెండు అంచులైనా తెరిచి ఉంచాలి. వార్తాపత్రిక కత్తిరింపులను ప్రోగ్రాంలోపల పెట్టి ఉంచితే ఆ ముక్క ఆకారంలోనే పేజీ మీద గోధుమరంగు మచ్చ పడుతుంది. కత్తిరింపును తీసి, వేరే కవరులో పెట్టి, రెండింటి మీదా ఒకే సంఖ్య వేయండి. చూశారా, విడదీసినా ముడి తెగలేదు.

వేడి, తేమ తక్కువగా ఉండాలని అందరూ చెబుతారు. 21 డిగ్రీల సెల్సియస్ దాటకుండా, గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిదని సంరక్షకులు అంటారు. ఇంట్లో అది అందరికీ సాధ్యమా? కాదు. కానీ హెచ్చుతగ్గులు లేకుండా చూడటం చాలామందికి సాధ్యమే. ఎండ కొట్టే పైకప్పు కింద, నేలమాళిగలో, వంటగది గోడకు ఆనుకుని, బయటి గోడకు ఆనుకుని పెట్టవద్దు. ఇంటి మధ్యలో ఉన్న గదిలో, నేలకు ఎత్తుగా, లోపలి గోడ పక్కన ఉన్న బీరువా చాలు. వెండిచేపలనే పురుగులు కాగితంమీది గంజిని తింటాయి, తేమ ఉంటేనే అవి బతుకుతాయి. పెట్టెలో పురుగుల గోళీలు వేసే అలవాటు మానుకోండి. ఆ ఘాటు మనిషికి మంచిది కాదు, కాగితానికీ మంచిది కాదు.

వెలుతురు చేసే నష్టం తిరిగిరాదు, అది చేరుతూ పోతుంది. ప్రదర్శనశాలల్లో కాగితానికి 50 లక్స్ వెలుతురు మించనివ్వరు. ఇంట్లో గోడకు తగిలించాలనిపిస్తే మంచి నకలు తీసి దానిని తగిలించండి, అసలుది పెట్టెలో ఉండనివ్వండి.

చేయకూడని పనుల జాబితా పెద్దది, అందులో మూడే చెబుతాను. పారదర్శకమైన అంటుడు టేపు వేయకండి. దాని జిగురు కొన్నేళ్లకు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరక అవుతుంది, టేపు ఊడిపోతుంది, మరక ఊడదు. లామినేషన్ చేయించకండి. వేడితో కరిగి అతుక్కున్న ఆ పొరను మామూలుగా తీయలేం, అది కాగితాన్ని బతికుండగా పూడ్చిపెట్టడమే. తుప్పుపట్టిన స్టేప్లర్ పిన్నును లాగకండి. వెనుకవైపు రెండు కొనలను పలుచని రేకుతో మెల్లగా నిటారుగా లేపి, ముందు వైపు నుంచి తీయాలి. తీసిన తరువాత అవే రంధ్రాల్లో నార దారంతో వదులుగా కుట్టవచ్చు. తుప్పు లేని పిన్ను జోలికి వెళ్లవద్దు. చేతి తొడుగులు వేసుకోవాలా అని ఎప్పుడూ అడుగుతారు. అక్కరలేదు. నూలు తొడుగులు వేసుకుంటే వేలికి స్పర్శ తెలియక పేజీ చినుగుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకుంటే చాలు.

తెలియజేయడం

ఉండటం వేరు, ఉన్నదని తెలియడం వేరు అన్నాను, ఆ మాట దగ్గరకు తిరిగి వచ్చాను. బ్రిటిష్ లైబ్రరీలో 18, 19వ శతాబ్దాల నాటక కరపత్రాలు లక్షల్లో ఉన్నాయి. అవి సంపుటాలుగా కట్టి ఉన్నాయి. పట్టికలో సంపుటానికి ఒక వరుస ఉండేది, లోపలి ఏ కాగితం మీద ఏ నాటకం ఉన్నదో చదివితే గాని తెలిసేది కాదు. 2017లో వారు ఆ కాగితాల ఫొటోలను ప్రజల ముందు పెట్టి, నాటకం పేరు, తేదీ, రకం గుర్తించి రాసిపెట్టమని అడిగారు. ఎక్కడెక్కడి వారో తీరిక సమయంలో ఆ పని చేశారు. పట్టిక లేని సేకరణ ఎంత పెద్దదైనా గోదామే. మీ దగ్గర వంద ప్రోగ్రాంలే ఉండవచ్చు, ఒక్కొక్కదానికి ఒక వరుస రాయండి: నాటకశాల, ఊరు, తేదీ, నాటకం, ఆడిన నాటక సమాజం పేరు, లోపల ఉన్న చీటీలు, మీకు ఎవరి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది. తేదీ మీరు లెక్కగట్టినదైతే అలా లెక్కగట్టానని రాయండి. కాగితం మీద ఉన్నదాన్ని, మీరు ఊహించినదాన్ని కలిపివేయకండి. ప్రోగ్రాంమీద సంఖ్య వేయవలసివస్తే మెత్తటి పెన్సిలుతో, వెనుకవైపు మూలన, పలకమీద పెట్టి, ఒత్తకుండా వేయండి.

స్కానింగు చేస్తే ప్రతి పేజీ చేయండి, ఖాళీ పేజీతో సహా, ప్రకటనలతో సహా, చీటీలతో సహా. అంగుళానికి 400 చుక్కలకు తగ్గకుండా తీయండి. రంగులోనే తీయండి, కాగితం రంగు కూడా సమాచారమే. స్కాన్ చేశాం గనుక అసలుది పారేద్దామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. అక్షరం లోపలికి దిగిందో లేదో ఫొటో చెప్పగలదా?

ఏది సేకరించాలని యువకులు అడుగుతారు. పేరుమోసిన నాటకశాలల ప్రోగ్రాంలు వందల ప్రతులు మిగిలే ఉంటాయి, వాటిని దాచేవారు చాలామంది ఉన్నారు. పోయేవి ఏవి? చిన్న సమాజాలవి, బడులవి, కార్మిక సంఘాలవి, ఒకే ఒక్క రాత్రి ఆడి ఆగిపోయిన నాటకాలవి. ఒక పలుచని కాగితం మీద సైక్లోస్టైల్‌లోనో, ఫొటోకాపీలోనో వేసిన ఆ ప్రోగ్రాం మీ దగ్గర ఉన్నది ఒక్కటే ప్రతి కావచ్చు. బజారులో దానికి ధర రాదు. ధర రాదు గనుకనే ఎవరూ దాచరు, ఎవరూ దాచరు గనుక మీరు దాచాలి.

చివరిగా, మీ తరువాత ఏమిటి? లండన్‌లో గేబ్రియల్ ఎంథోవెన్ అనే మహిళ తన సొంత డబ్బుతో కరపత్రాలు, ప్రోగ్రాంలు, రంగస్థల చిత్రాలు పోగుచేసింది. 1911 నుంచి ఆమె దేశానికి ఒక నాటక సంగ్రహం ఉండాలని పోరాడింది. ఎన్నో ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1924లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆమె సేకరణను తీసుకుంది. అప్పటికే అది 80 వేల వస్తువులను దాటింది. ఇచ్చివేసి ఊరుకోలేదు ఆవిడ, తానే అక్కడ కూర్చుని దానిని పెంచుతూ, పట్టికలు రాస్తూ గడిపింది. మనలో అందరికీ అంత సేకరణ, అంత ఓపిక ఉండవు. అయినా ఎవరికి ఇవ్వదలచారో ఇప్పుడే తేల్చుకుని, ఆ సంస్థను ముందుగానే అడగండి. వారి దగ్గర ఇప్పటికే ఉన్నవాటిని వారు తీసుకోకపోవచ్చు, అది వారి తప్పు కాదు, చోటు ఎవరికీ అపారంగా ఉండదు. ఒకే సమాజానివి, ఒకే నాటకశాలవి వరుసగా ఉంటే ఆ వరుసను విడదీసి పంచకండి. ఇచ్చేటప్పుడు పట్టిక కూడా ఇవ్వండి. ఆ పట్టిక ప్రతి ఒకటి పెట్టెలోనే ఉంచండి, మీరు లేనప్పుడు పెట్టె తెరిచేవారికి ముందు అదే కనబడాలి.

నేను చెప్పదలచినది ఇంతే. ప్రశ్నలు ఉంటే అడగండి. మీ దగ్గరి ప్రోగ్రాంలు తెచ్చినవారు ఇక్కడ బల్ల మీద పరచవచ్చు, అందరం చూద్దాం. అయితే ముట్టుకునే ముందు అందరూ చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరిన తరువాతనే రండి.